పాథేయమా? ప్రదర్శన ధనమా?



మన పూర్వులు పొరుగూరికి పయనమైనా దారిబత్తెం మూట కట్టుకొని బయలుదేరేవారు. బత్తెమనే మాట సంస్కృతంలోని భక్త శబ్దం నుండి వచ్చింది. అన్నమని దానికి అర్థం. పాథేయమన్నా ఇంచుమించు అదే, బాటలో అక్కరకు వచ్చేది. రెండు మాటలలోను ఒక భావం ఇమిడి ఉన్నది: ఆ మూట బాటసారిది, వాని ఆకలి తీర్చడానికే ఉన్నది. నేటి విదేశయానంలో దాని స్థానాన్ని 'షో మనీ' ఆక్రమించింది. ఇది తినడానికి కాదు, వెచ్చించడానికి కాదు, కేవలం చూపడానికి. దీనిని ప్రదర్శన ధనమందామా? ఇంతకంటె చక్కని తెలుగుమాట తోచినవారు తెలుపగలరు.

విజిట్ వీసాపై దుబాయి వెళ్లేవారి వద్ద 3,000 దిర్హాములు నగదుగానో క్రెడిట్ కార్డు రూపంలోనో ఉండాలని, తిరుగు టిక్కెట్టు, బస చేసే చోటికి ఆధారం కూడా చూపాలని, ఈ నియమాన్ని గట్టిగా అమలు చేస్తున్నారని 2024 మే నెలలో పత్రికలు వ్రాశాయి. ఇవి లేనివారిని భారతదేశపు విమానాశ్రయాలలోనే ఆపివేసిన సందర్భాలున్నాయి. నాటి మారకపు విలువలో ఆ మొత్తం సుమారు 68 వేల రూపాయలు. నియమాన్ని నేను తప్పు పట్టను. ఇంటికి వచ్చే అతిథి తన ఖర్చు తాను భరించగలడా అని విచారించుకొనే హక్కు ఏ దేశానికైనా ఉన్నది. నా విచారమంతా ఆ నియమం మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు వచ్చేసరికి ఏ రూపు దాల్చుతున్నదో దానిని గురించే.

'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని మన తెలంగాణలో నానుడి. పొలానికి నీరు లేక, మగ్గానికి పని లేక ఇల్లు విడిచినవాని మూడు దారులవి. ఈ దారి పట్టినవాడు విహారయాత్రికుడు కాడు. తల్లి మెడలోని పుస్తెలతాడు తాకట్టు పెట్టో, మిత్తికి తెచ్చో ఏజెంటు చేతిలో పోసినవాడు. అటువంటివాడు 68 వేలు చూపాలంటే మరొక అప్పు చేయవలసిందే. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అనుకొన్నా నెలకు 1,360 రూపాయలు. పైగా భారతీయ నోట్లు 25 వేల రూపాయలకు మించి దేశం దాటించరాదు గనుక దిర్హాములుగా మార్చుకోవాలి. మార్చినపుడు కొంత, మరల రూపాయలు చేసినపుడు కొంత కరిగిపోతుంది. చూపి వెనుకకు తెచ్చుకొనే డబ్బుకే ఇంత ఖర్చు!

ఇక ఆ డబ్బు దేనిని రుజువు చేస్తున్నది? వాని స్తోమతను కాదు. నిన్న అప్పు తెచ్చిన నోట్లకు, పదేండ్లు కూడబెట్టిన నోట్లకు రంగులో భేదముండదు గదా! బ్రిటను దేశం విద్యార్థి వీసాకు అడిగే ధనం వరుసగా 28 దినములు ఖాతాలో నిలిచి ఉండాలంటుంది. ఎంత ఉన్నదనే కాదు, ఎన్నాళ్లుగా ఉన్నదనీ చూస్తుంది. అక్కడ కూడా అప్పు తెచ్చి నిలిపేవారుంటారు, అది వేరు సంగతి. విమానాశ్రయంలో చేతిలోని నోట్లు లెక్కపెట్టే పద్ధతికి ఆ మాత్రపు చూపు కూడా లేదు.

అసలు ప్రమాదం మరొకటి. విజిట్ వీసా మీద పని చేయడం ఆ దేశపు చట్టం ప్రకారం నేరం. అనుమతి లేనివానిని పనిలో పెట్టుకొన్న యజమానికి లక్ష నుండి పది లక్షల దిర్హాముల వరకు జరిమానా విధించేలా 2024లో అక్కడి చట్టాన్ని సవరించారు. గడువు తీరినవాడు మనవారి భాషలో 'ఖల్లివెల్లి' అవుతాడు. జీతమెగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికీ జంకుతాడు. 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించినది ఇటువంటివారి కొరకే.

పనికై పోయేవాని పాథేయం వేరు. అది ఉద్యోగ వీసా, జీతం వ్రాసిన ఒప్పందపత్రం. ఎమిరేట్స్ దేశపు 2021 నాటి కార్మిక చట్టం నియామకపు ఖర్చులను కార్మికుని వద్ద వసూలు చేయరాదని యజమానిని శాసించింది. మన దేశంలో రిజిస్టరయిన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. పదవ తరగతి గట్టెక్కనివాని పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఉంటుంది. వాడు గల్ఫుకు ఉద్యోగ వీసాపై పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ప్రవాసీ భారతీయ బీమా చేయించాలి. రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల ప్రమాద బీమా అది. 68 వేలకు మిత్తి కట్టేవానికి ఈ 275 రూపాయల సంగతి చెప్పే నాథుడు లేడు. విజిట్ వీసాతో పోయినవాడు ఈ రక్షణలన్నిటినీ తనకు తెలియకుండానే వదులుకొంటున్నాడు.

"లేనివాడు ఎట్లాగో బయటపడి నాలుగు రాళ్లు సంపాదించుకొంటే మీకేమి?" అని కొందరు పెద్దలు నన్నడిగారు. సంపాదించినవారు లేరనను. మా బడిలో అక్షరాలు దిద్దినవారే అక్కడ నిలదొక్కుకొని ఇక్కడ డాబాలు కట్టారు. కాని ఆ డాబాలు మాత్రమే మన కంటికి కనబడతాయి. అప్పు తీరక తిరిగి రాలేనివాడు కనబడడు.

అధ్యాపకులుగా ఉన్న మిత్రులకు నాదొక మనవి. "సారూ, దుబాయికి ఎంత పైకం చూపాలె?" అని మీ పూర్వ విద్యార్థి అడిగితే అంకె చెప్పి ఊరుకోకండి. "ఏ వీసా మీద పోతున్నవు బిడ్డా?" అని తిరిగి అడగండి. పని ఇప్పిస్తానన్న ఏజెంటే చూపడానికి డబ్బు తెమ్మన్నాడంటే, ఆ చేతిలోనిది పని వీసా కాదని గట్టిగా అనుమానించవలసిందే. ఈ ఒక్క ప్రశ్న వేయడానికి ఖర్చేమీ కాదు. ఒక ఇంటి పుస్తెలతాడు నిలబడవచ్చు.