పిన్ను స్థానంలో వంచిన మేకు

ఊరికి పోతే మా పాత ట్రాక్టర్ వెనక గొర్రు అటూ ఇటూ ఊగుతోంది. "చైన్లు బిగించు, సాల్లే" అన్నాడు నాయన. బిగించినా అంతే. దించి చూస్తే లోయర్ లింక్ చివర బాల్ అరిగిపోయి, 22 మిల్లీమీటర్ల పిన్ను రంధ్రంలో గలగలా ఆడుతోంది. లించ్ పిన్ ఉండాల్సిన చోట వంచిన మేకు! చెనిక్కాయలు విత్తేప్పుడు గొర్రు వెనకే నడిచేది మా అమ్మ.

చిత్తూరులో కొత్త బాల్ ఎండ్‌లు కొని, పాతవి కోసి వెల్డింగ్ చేయించాం. కోయకముందే పొడవు కొలుచుకోవాలి. రెండు లింకులూ సమానంగా లేకపోతే గొర్రు వంకరగా నడుస్తుంది. హ్యారీ ఫెర్గూసన్ మూడు లింకుల పద్ధతి 1939లో ఫోర్డ్ ట్రాక్టర్‌లోకి కూడా వచ్చింది. ఆ సైజు పిన్ను ఇప్పటికీ షాపులో దొరుకుతుంది. నేను ఆర్నెల్ల కింద రాసిన కోడ్ ఇప్పుడు రన్ కాదు.

మేకు మాత్రం నాయన పారేయలేదు. టూల్ బాక్సులో దాచుకున్నాడు.