చేసినోడి పేరు ఏమైంది?

మాటల పుట్టుక పండితుల వ్యవహారమని మనల్ని దూరం పెట్టారు. కానీ మాటలో కూడా భూమి లెక్క ఉంటది. ఎవరు దున్నారు, ఎవరి పేర రాసుకున్నారు అన్నది తవ్వితే బయటపడుద్ది. ఒక్క మాట తవ్వి చూద్దాం.

స్పెయిన్ భాషలో 'అసియెండా', పోర్చుగీసులో 'ఫజెండా'. రెండూ ఒక తల్లి బిడ్డలే. ఆ తల్లి పాత లాటిన్ మాట. దాని అర్థం 'చెయ్యాల్సిన పనులు'. అంతే! అందులో దొర లేడు, గట్టు లేదు, పని ఒక్కటే ఉంది.

రాను రాను ఆ మాట ఆస్తి అయింది. వేల ఎకరాల జమీ అయింది. అర్జెంటీనాలో పశువుల మందకూ అదే పేరు. పోర్చుగీసులో గుడ్డకూ అదే పేరు. ఆఖరికి సర్కారు ఖజానా అయి కూర్చుంది. స్పెయిన్‌లో, బ్రెజిల్‌లో ఆర్థిక శాఖను నేటికీ ఆ మాటతోనే పిలుస్తారు. పని మాత్రం మాటలోంచి మాయమైంది.

మరి పని చేసినోడికి మిగిలిన పేరేంటి? 'పెయోన్'. కాలినడకన పోయేవాడని మొదటి అర్థం. మెక్సికో అసియెండాల్లో పెయోన్లు దొర కొట్లోనే సరుకు కొనాలి. అప్పు తీరదు, ఊరు దాటనివ్వరు. ఇది మన పాలేర్లకు వేరే చెప్పాలా? ఆ మాటకు పోర్చుగీసు తోబుట్టువు ఓడలెక్కి మన దేశమొచ్చి, ఇంగ్లీషోళ్ల నోట పడి, ఆఫీసు గుమ్మం కాడ 'ప్యూన్' అయి నిలబడింది. ఆస్తి పేరు ఖజానాలోకి, కూలి పేరు గుమ్మం బయటికి!

బానిసత్వం పోయింది గదా, ఇంకేం కావాలి అనేవాళ్లు బ్రెజిల్‌ను చూడాలి. 1888 మే 13న అక్కడ బానిసత్వం రద్దయింది. కానీ చెరకు, కాఫీ ఫజెండాల్లో చచ్చేదాకా చాకిరీ చేసిన నల్లవాళ్లకు సెంటు భూమి ఇవ్వలేదు. సర్కారు భూమి కొనుక్కున్నోళ్లకేనని 1850లోనే చట్టం చేసిపెట్టుకున్నారు. తలుపు తెరవకముందే దారి మూసేశారన్నమాట.

అడిగితేనే కదిలింది. మెక్సికోలో 1911లో జపాటా మనుషులు గుంజుకున్న భూములు ఊళ్లకు తిరిగివ్వాలన్నారు. 1917 రాజ్యాంగం 27వ అధికరణంలో అసియెండాలను పంచే వీలు రాయక తప్పలేదు. బ్రెజిల్‌లో భూమిలేనివాళ్లు 1984లో సంఘం కట్టారు. ఒక ఫజెండాను పంచమని రోడ్డెక్కినందుకు 1996 ఏప్రిల్ 17న పోలీసులు 19 మందిని చంపారు. అయినా సంఘం ఆగలేదు.

మేం చెప్పేది ఒకటే. భూమి లేని విముక్తి సగం విముక్తే. ఆస్తి ఎవరిదని ఎవరైనా గొప్పగా చెబితే, అక్కడ పని ఎవరిదని అడుగుదాం. ఆ ప్రశ్న ఊరి మీటింగులోనూ అడుగుదాం, సర్కారు ఆఫీసులోనూ అడుగుదాం.