చేసిన పని మన పేరుతో కాగితం మీద ఉందా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీళ్లు కొల్లేరు వైపు దిగుతూ గుడివాడ పక్కనున్న నందివాడ మండలం ఊళ్లను కూడా చుట్టుముట్టాయి. ఆ రోజుల్లో పడవ మీద పాల ప్యాకెట్లు, మందులు మోసిన ఓ దళిత యువకుడు మాకు తెలుసు. చిన్న ప్రభుత్వ ఉద్యోగి. రాత్రిళ్లు కూర్చుని ఇంటింటి జాబితా రాసిందీ అతనే. తర్వాత పై ఆఫీసుకు వెళ్లిన నివేదికలో ఆ జాబితా ఉంది, అతని పేరు లేదు. ఫొటోలో అధికారి పడవ ముందు నిలబడ్డాడు. మా తమ్ముడు వెనక తాడు పట్టుకుని సగమే కనిపిస్తాడు.

"అది నువ్వే చేశావని చెప్పలేకపోయావా?" అని అడిగాం. "చెబితే పొగరంటారన్నా, చెప్పకపోతే పని రాదంటారు" అన్నాడు.

ఈ ఒక్క మాట చుట్టూనే మనం ఆలోచించాలి. "నీ పని గురించి నువ్వే చెప్పుకో, పైవాళ్ల కంట్లో పడు, ఎదుగుతావు" అని వ్యక్తిత్వ వికాస తరగతులు, కెరీర్ సలహాదారులు ఇప్పుడు ఊదరగొడుతున్నారు. ఆ సలహా అబద్ధం కాదు. కానీ అది ఒక విషయాన్ని దాచిపెడుతుంది. చెప్పేవాడి కులాన్ని బట్టి వినేవాడి చెవి మారిపోతుంది. ఒకరు చెప్పుకుంటే చొరవ, మనం చెప్పుకుంటే పొగరు.

ఇది మన అనుమానం కాదు. ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు ఇంటిపేర్లతో దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. దళిత ఇంటిపేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం, అగ్రకుల పేరున్న దానితో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే అని తేలింది. అంటే ఇంకా పనే మొదలు కాలేదు, పేరు మాత్రమే కనిపించింది.

గుడివాడ, గుడ్లవల్లేరు కాలేజీల్లో చదివి హైదరాబాద్ మీదుగా అమెరికా చేరినవాళ్లకు ఇక కులం అంటదు అనుకుంటాం. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజినీరు ఐఐటీలో రిజర్వేషన్ సీటు పొందాడని తోటివాళ్లకు చెప్పారని, దానిపై ఫిర్యాదు చేశాక అతని బాధ్యతలు తగ్గించి, ఎదిగే అవకాశాలు అడ్డుకున్నారని ఆ కేసులో ఆరోపణ. కంపెనీ దాన్ని ఖండించింది. ఇద్దరు మేనేజర్ల మీద ఆరోపణలను ఆ శాఖే 2023లో ఉపసంహరించుకుంది. కేసు సంగతి ఎలా ఉన్నా, అది లేవనెత్తిన ప్రశ్న మనకు కొత్తది కాదు. ఎంత మంచి ఇంజినీరు అన్నది పక్కకు పోయి, ఏ సీటులో వచ్చాడన్నదే ముందుకు వస్తే, ఆ మనిషి తన పనిని ఎవరికి చూపించుకోవాలి?

అందుకే మేం అనేది ఒక్కటే. నోటితో చెప్పుకోవడం కంటే కాగితం మీద పెట్టడం మనకు రక్ష. మాటను పొగరు అని కొట్టిపారేయగలరు. తేదీ, లెక్క, ఆర్డర్ నంబరు ఉన్న కాగితాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

ప్రభుత్వ ఉద్యోగంలో ఆ కాగితానికి చట్టం బలం కూడా ఉంది. ఒకప్పుడు సీఆర్ అంటే రహస్య నివేదిక. పై అధికారి ఏం రాశాడో ఉద్యోగికి తెలిసేది కాదు. సరిహద్దు రోడ్ల విభాగంలో ఒక ఇంజినీరుకు పదోన్నతి రావాలంటే ప్రతి ఏడూ "వెరీ గుడ్" ఉండాలి. ఒక్క ఏడాది "గుడ్" అని రాశారు, ఆ సంగతి అతనికి చెప్పలేదు. దేవ్ దత్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సైన్యం మినహా ఏ ప్రభుత్వ సేవలోనైనా నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, అది మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలియజేయాల్సిందే అంది. 2013లో సుఖదేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖరారు చేసింది. ఆ కేసులు కులం గురించి కావు. కానీ పైవాడి కలానికి ఎక్కువగా బలయ్యేది మనమే కనుక, ఆ తీర్పులు అందరికంటే మనకే ఎక్కువ అక్కరకొస్తాయి.

కేంద్ర ఉద్యోగుల వార్షిక నివేదికలో మొదట ఉద్యోగే తన పని గురించి రాసుకునే భాగం ఉంటుంది. మార్కులు ఒకటి నుంచి పది దాకా. 2009 ఆదేశాల ప్రకారం మొత్తం నివేదిక చూపించాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు ఇవ్వాలి. మనవాళ్లలో చాలామంది ఆ మొదటి భాగంలో "అప్పగించిన పనులు సక్రమంగా చేశాను" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేస్తారు. అది రాయకపోవడంతో సమానం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ఊళ్లో, ఎన్ని ఇళ్లు, ఎన్ని ఫైళ్లు, ఎవరి ఆదేశంతో అన్నది రాయాలి. పని ముగిసిన రోజే పై అధికారికి నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపాలి, కాపీ దాచుకోవాలి. నివేదిక చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

ఇది ఒక్కొక్కరి పదోన్నతి గొడవ మాత్రమే కాదు. 1995లో 77వ రాజ్యాంగ సవరణ ద్వారా 16(4ఎ) వచ్చి ఎస్సీ, ఎస్టీలకు పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు దారి వేసింది. 2006 నాగరాజ్ తీర్పు దానికి షరతులు పెట్టింది. పాలనా సమర్థత దెబ్బతినకూడదన్నది వాటిలో ఒకటి. 2019లో పవిత్ర కేసులో సుప్రీంకోర్టే, సమర్థత అంటే సమాజంలోని అన్ని వర్గాలకూ చోటు ఉండటం కూడా అని చెప్పాల్సి వచ్చింది. "సమర్థత" అనే రాయి మన మీదికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మన పని రికార్డుల్లో లేకపోతే ఆ రాయికి జవాబు ఎక్కడి నుంచి తెస్తాం? ఒక్కో ఉద్యోగి నింపే ఫారం మొత్తం జాతి తరఫున సాక్ష్యమవుతుంది.

అయితే అసలు ఫారమే లేనివాళ్ల సంగతి మరచిపోతే మన విశ్లేషణ సగమే. బుడమేరు బురద ఎత్తడానికి రాష్ట్రంలోని ఎన్నో మునిసిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులను విజయవాడకు తీసుకెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. 2020లో ఆప్కాస్ పెట్టాక జీతం ప్రభుత్వ సంస్థ నుంచే వస్తోంది గానీ, పదోన్నతి నిచ్చెన లేదు. 2023 డిసెంబరు చివర్లో వాళ్లు సమ్మెకు దిగింది అందుకే కూడా. ఊరంతా రోజూ కళ్లారా చూసే పని వాళ్లది. కనిపించకపోవడం వాళ్ల సమస్య కాదు, కనిపించినా లెక్కలోకి రాకపోవడం సమస్య. దానికి కెరీర్ సలహా పనికిరాదు, సంఘమే కావాలి.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మన పెద్దలు "పంచములు" అన్న పేరును తోసిపుచ్చి, తమను తాము ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు. ఐదేళ్లకు మద్రాసు ప్రభుత్వం తన రికార్డుల్లో ఆ పేరు రాయక తప్పలేదు. మన గురించి ఇంకొకరు రాసింది చెరిపి మనమే రాసుకోవడం అప్పటి నుంచీ మనకు తెలిసిన పనే.

కేంద్ర ఉద్యోగులు స్వీయ నివేదిక ఇవ్వడానికి మామూలుగా గడువు ఏప్రిల్ 15. ముందు రోజే అంబేడ్కర్ జయంతి. ఈసారి గుడివాడ పేటల్లో, బందరులో, దివిసీమ ఊళ్లలో విగ్రహానికి దండ వేశాక ఓ గంట అక్కడే కూర్చుందాం. చదువుకున్న విద్యార్థులు కలం పట్టండి. ఉద్యోగులు, ఏ శాఖవాళ్లైనా, మీ ఏడాది పని చెప్పండి. రాసి, చదివి వినిపించి, కాపీ తీసుకుని ఇంటికి వెళదాం. పడవ వెనక తాడు పట్టుకున్న మా తమ్ముడినీ పిలిచాం, వస్తానన్నాడు.