పట్టా వేరు, పహాణీ వేరు

ఈసారి వడ్ల కాంటాల గురించి, యూరియా గురించి రాస్తలేను. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఒక ఖైదీ కాయితాలు తీసుకుని దాచిపెట్టింది. దాని మీద పెద్ద లొల్లి అయ్యింది. ఆ లొల్లి గురించి నా అభిప్రాయం రాస్తున్న. పొద్దున లేస్తే బర్లు, బాయి, బ్యాంకు, ఇండ్ల మనకు అమెరికా ముచ్చటెందుకు అనుకుంటారు కావచ్చు. కొంచెం ఓపిక పట్టి చదవండి. ఈ ముచ్చట మన పహాణీ దాకా వస్తది.

ముందు సంగతి ఏందో చెప్త. అమెరికాలో రోడ్ ఐలాండ్ అని ఒక చిన్న రాష్ట్రం. దాని రాజధాని ప్రావిడెన్స్. అక్కడ బ్రౌన్ యూనివర్సిటీ ఉంది, 1764లో పెట్టినది. ఆ యూనివర్సిటీకి జాన్ హే లైబ్రరీ అని పాత కాయితాలు, అరుదైన పుస్తకాలు దాచే లైబ్రరీ ఉంది. 2022లో ఆ లైబ్రరీ వాళ్ళు ముమియా అబూ జమాల్ అనే ఖైదీ కాయితాలు మా దగ్గరికి వచ్చినయని ప్రకటించిన్రు. ఆయన రాసిన ఉత్తరాలు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు, నోటుబుక్కులు, పుస్తకాల రాతప్రతులు, కరపత్రాలు, అన్నీ పెట్టెలకు పెట్టెలు. చదువుకునేటోళ్ళు, పరిశోధన చేసేటోళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

ఎవరీ ముమియా? ఫిలడెల్ఫియా నగరంలో పుట్టిన నల్లజాతి మనిషి. పిల్లగాడిగా ఉన్నప్పుడే బ్లాక్ పాంథర్ పార్టీలో చేరిండు. తర్వాత రేడియో విలేకరి. జీతం చాలక రాత్రిపూట టాక్సీ కూడా నడిపిండు. 1981 డిసెంబర్ 9న తెల్లవారుజామున ఆయన తమ్ముడి కారును డేనియల్ ఫాక్నర్ అనే పోలీసు ఆపిండు. అక్కడ కాల్పులు జరిగినయి. ఫాక్నర్ చచ్చిపోయిండు. ఆయన వయసు 25 ఏండ్లు. ముమియాకు కూడా తూటా తగిలింది. 1982లో జ్యూరీ ముమియానే హంతకుడని తేల్చింది, ఉరిశిక్ష పడ్డది. ఆ తర్వాత ఎన్ని అప్పీళ్ళు వేసినా దోషి అన్న తీర్పు మారలేదు. 2001లో ఫెడరల్ జడ్జి ఒకాయన మరణశిక్షను మాత్రం పక్కన పెట్టిండు. 2011లో ప్రభుత్వ వకీళ్ళు ఇగ మరణశిక్ష అడగమని చెప్పిన్రు. అప్పటినుంచి యావజ్జీవం, పెరోల్ లేకుండ.

నేను హత్య చేయలేదని ముమియా అంటడు. విచారణ న్యాయంగా జరగలేదని ఆయన మద్దతుదారులు అంటరు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆ విచారణ జరగలేదని 2000లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ కూడా రాసింది. ఫాక్నర్ భార్య మౌరీన్, పోలీసుల సంఘం మాత్రం అన్ని కోర్టులూ చూసినంక కూడా ఇంకా ఏం న్యాయం కావాలె అంటరు. నలభై ఏండ్ల నుంచి ఈ రెండు మాటలూ అట్లనే నడుస్తున్నయి. ఆయన చంపిండా లేదా అని తేల్చుడు నా పని కాదు. నాకంత తెలివి లేదు, ఆ హక్కు కూడా లేదు. నేను అడిగేది ఒక్కటే. కోర్టు దోషి అన్న మనిషి రాసిన కాయితాలు ఒక పెద్ద చదువుల బడి దాచిపెట్టచ్చునా, వద్దా?

వద్దన్నోళ్ళ మాట తీసిపారేసేది కాదు. వాళ్ళు ఏమంటరంటే, పోలీసును చంపిన మనిషికి యూనివర్సిటీ గౌరవం ఎందుకు? ఆ 25 ఏండ్ల పిలగాని పేరు మీద ఏ లైబ్రరీలో ఎన్ని పెట్టెలున్నయి? చచ్చినోడు ఉత్తరాలు రాయలేడు, పుస్తకాలు రాయలేడు. బతికి ఉన్నోడు రాస్తనే ఉంటడు. నూరేండ్ల తర్వాత చదివేటోనికి బతికినోని మాటే దొరుకుతది. ఇందుల నిజం ఉంది. మన ఊర్లల్లో భూమి కొట్లాటలో మనిషిని పోగొట్టుకున్న ఇండ్లు ఉన్నయి. ఆ ఇంటి ఆడామె ముందర నిలబడి ఈ సంగతి మాట్లాడితే మన గొంతు కూడా తగ్గుతది.

అయినా నా మాట ఒకటే. కాయితాలు దాచాల్సిందే. ఎందుకో చెప్త.

పాత పహాణీ గుర్తుందా? అందుల పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. అనుభవదారు కాలమ్‌లో పేరు రాసినంత మాత్రాన భూమి వానిది అయిపోదు. ఈ ఏడు ఈ చెలకలో నాగలి కట్టింది ఎవరు, అంతే. ఉన్నది ఉన్నట్టు రాసుకునుడు. పట్టా ఇచ్చుడు వేరే పని, దానికి వేరే అధికారి, వేరే విచారణ. లైబ్రరీల కాయితం దాచుడు కూడా అనుభవదారు కాలమ్ రాసినట్టే. ఈ మనిషి ఉండె, జైల్లో ఇన్నేండ్లు ఉండె, ఇది రాసె అని. వీడు మంచోడు అని పట్టా ఇచ్చినట్టు కాదు.

ఈ మాట నేను ఊరికే అంటలేను. అదే జాన్ హే లైబ్రరీలో హాల్ హోగ్ అని ఇంకో సేకరణ ఉంది. అమెరికాలో అతివాద సంఘాలు అచ్చేసిన కరపత్రాలు, పత్రికలు లక్షకు పైగా ఉన్నయి అందుల. కుడి, ఎడమ అన్ని రకాలు. నల్లోళ్ళను కొట్టి చంపిన కు క్లక్స్ క్లాన్ ముఠా కాయితాలు కూడా ఉన్నయి. అవి దాచినందుకు బ్రౌన్ యూనివర్సిటీ క్లాన్ ముఠాకు దండ వేసినట్టా? కాదు గదా. ఆ విషం ఎట్ల పారిందో రేపటి పిల్లలు చూడాలంటే ఆ సీసా ఉండాలె. ముమియా పెట్టెలకు కూడా అదే లెక్క వర్తిస్తది. ఆయన మద్దతుదారులకు ఈ పోలిక నచ్చదు, వ్యతిరేకులకూ నచ్చదు. కానీ లైబ్రరీ పని అదే. ఎవరి గింజయినా ఎండబెట్టి, పేరు రాసి, దాచుడు.

రెండో కారణం, ఈ కేసులోనే ఉంది. 2018 చివర్ల ఫిలడెల్ఫియా ప్రభుత్వ వకీలు ఆఫీసులో సామాన్లు పెట్టే గదిల ఆరు పెట్టెలు దొరికినయి. ఈ కేసుకు సంబంధించిన ఫైళ్ళు. ముప్పై ఏడేండ్లు అయినంక! వాటిని ముమియా వకీళ్ళకు చూపిచ్చిన్రు. వాటి ఆధారంగా మళ్ళ విచారణ కావాలని అడిగిన్రు. 2023లో జడ్జి, ఈ కాయితాలతో తీర్పు మారదు అని కొట్టేసిన్రు. చూడండి, కాయితం బయటికి వచ్చింది, ఖైదీకి లాభం కాలేదు. కానీ ఇగ ఆ పెట్టెల్ల ఏమున్నదో అన్న అనుమానం పోయింది. కాయితం బయటపడితే ఒకరికే లాభం అన్న భయం తప్పు అని ఇదే చెప్తది. అసలు భయపడాల్సింది మూలకు పడ్డ పెట్టె చూసి, తెరిచిన పెట్టె చూసి కాదు.

మూడో కారణం. ఈ మనిషి నోరు మూయాలని చాలాసార్లు చూసిన్రు. 1994లో ఆయన జైలు నుంచి చెప్పే మాటలు ప్రసారం చేస్తమని ఎన్‌పీఆర్ అనే జాతీయ రేడియో అనుకున్నది. పోలీసు సంఘం, రాజకీయ నాయకులు గట్టిగ ఎదిరిస్తే మానుకున్నది. 2014లో గాడర్డ్ కాలేజీ పిల్లలు వాళ్ళ పట్టాల పండుగకు ఆయన మాట రికార్డు చేయించి వినిపించుకున్నరు. ఆ నెలలోనే పెన్సిల్వేనియా సర్కారు ఒక చట్టం తెచ్చింది. ఖైదీ మాటతో బాధిత కుటుంబానికి మనసు కష్టం అయితే కోర్టుకు పోయి ఆపచ్చు అని. 2015లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం కొట్టేసింది. మాట్లాడే హక్కుకు విరుద్ధం అన్నది.

మౌరీన్ బాధ నిజం. ఎవరూ కాదనరు. కానీ బాధ పడ్డోళ్ళకు ఇతరుల నోరు మూసే తాళంచెవి ఇచ్చుడు మొదలైతే, రేపు ఆ తాళంచెవి సర్కారు చేతికే పోతది. అది ఎవరి బాధ పేరు చెప్పి ఎవరి నోరు మూస్తదో మనకు తెల్వదా?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, ముషీరాబాద్ జైల్ల భూమయ్య, కిష్టాగౌడ్‌ను ఉరి తీసిన్రు. ఆదిలాబాద్ జిల్లా రైతు పోరాటాల మనుషులు. భూస్వామి హత్య కేసులో కోర్టు శిక్ష వేసింది. ఉరి ఆపమని దేశమంతా ఎంతోమంది అడిగిన్రు, ఆగలేదు. ఆ జైలు కూడా ఇప్పుడు లేదు. దాని జాగలో గాంధీ ఆస్పత్రి ఉంది. మన ఊర్లోళ్ళు జరం వచ్చినా, యాక్సిడెంట్ అయినా అక్కడికే పోతరు. చీటీ కోసం లైన్ల నిలబడ్డ జాగ ఒకప్పుడు ఏందో ఎంతమందికి తెలుసు?

నేను వాళ్ళను ముమియాతో సమానం అంటలేను. ఏ కేసు దానిదే. వాళ్ళు చేసింది ఒప్పు అని కూడా ఇక్కడ రాస్తలేను. మన పక్క ఊరి పిల్ల ఒకామె డిగ్రీ చదువుతూ, ఆ కేసు ఏంది, ఊర్లె ఏం జరిగింది, చచ్చిన భూస్వామి ఇంటోళ్ళు ఏమన్నరు, సాక్షులు ఏం చెప్పిన్రు, ఉరి పడ్డోళ్ళు ఆఖరుకు ఏం మాట్లాడిన్రు అని చూడాలనుకుంటే, అన్నీ ఒక్క దగ్గర, జంకు లేకుండ, సిఫారసు లేకుండ చూసే జాగ ఉండాలె అంటున్న. అది ఉంటే ఆమె తన తెలివితో తేల్చుకుంటది. లేకపోతే పాటలో విన్నదో, పోలీసు ప్రకటనలో చదివిందో, ఏదో ఒక్కటే నమ్ముతది.

రైతుకు ఈ సంగతి ఇంకా బాగా అర్థం కావాలె. ఎందుకంటే కాయితం ఎవరి దగ్గర ఉంటే మాట వారిదే అని మనకన్న ఎక్కువ తెలిసినోళ్ళు లేరు. పట్వారీల కాలంలో పుస్తకం పట్వారీ ఇంట్లో. 1984లో పట్వారీ వ్యవస్థ పోయింది, పుస్తకం ఆఫీసుకు పోయింది. 2020లో ధరణి వచ్చింది, పుస్తకం కంప్యూటర్లకు పోయింది. అప్పుడే అనుభవదారు కాలమ్ తీసేసిన్రు. ఒక్క కాలమ్! దానితోని దున్నేటోని పేరు పోయింది. భూమిలో చెమట ఉండె, సాదాబైనామా కాయితం పెట్టెలో ఉండె, రికార్డుల మాత్రం మనిషే లేకుండ పోయిండు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం ఇప్పటికీ ఎందుకు తిరుగుతున్నరు మనోళ్ళు? డెబ్బయి ఏండ్ల కింద ఎవడో ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టిండు కాబట్టి. ఆ రాసినోడు మన తాతకు దండ వేయలేదు. పేరు రాసిండు, అంతే. ఆ పేరే ఇయ్యాల మనను కాపాడుతున్నది.

అందుకే నాకు పేరు కొట్టేసుడు అంటే భయం. ఇయ్యాల నచ్చని ఖైదీ పేరు కొట్టేయమన్నోళ్ళు రేపు నచ్చని కౌలుదారు పేరు కొట్టేస్తరు.

అట్లని యూనివర్సిటీ చేసింది అంతా కరెక్ట్ అని వదిలేయను. రెండు మాటలు వాళ్ళకూ చెప్పాలె.

ఒకటి, దాచుడు వేరు, ఊరేగించుడు వేరు. జైళ్ళల్లో మగ్గుతున్నోళ్ళ గొంతులు రేపటికి ఉండాలని ఈ సేకరణ తీసుకున్నమని వాళ్ళు చెప్తున్నరు. ఆ దేశ జైళ్ళల్ల ఇరవై లక్షల దాకా మనుషులు ఉన్నరు, కాబట్టి ఆ పని అవసరమే. కానీ ప్రకటన రాసేటప్పుడు రచయిత, కార్యకర్త అని ఎంత పెద్దగ రాస్తరో, ఏ కేసుల శిక్ష పడ్డదో, చచ్చిన మనిషి పేరేందో కూడా అంతే పెద్దగ రాయాలె. పహాణీల సగం రాస్తే అది పహాణీ కాదు.

రెండు, ఒక్క పక్క పెట్టెలతో బీరువా నిండదు. ఫాక్నర్ కుటుంబం దగ్గర ఉత్తరాలు ఉంటే, నలభై ఏండ్లు కోర్టుల చుట్టు తిరిగిన కాయితాలు ఉంటే, అవి కూడా అంతే భద్రంగ, అంతే మర్యాదతోని దాచే జాగ ఉండాలె. బ్రౌన్‌లో కాకపోతే ఇంకో దగ్గర. కోపం ఉన్నోళ్ళు ఆ పెట్టెలు తీసెయ్యండి అని కాదు, మా పెట్టెలు కూడా పెట్టండి అని అడగాలె. అది న్యాయమైన అడుగుడు. దానికి నేను కూడా చెయ్యి ఎత్తుత.

ఇగ మనం చేయగలిగింది చిన్నదే. ఇంట్ల పాత ట్రంకుపెట్టెలు ఉంటయి. తాతల నాటి శిస్తు రసీదులు, సాదాబైనామాలు, కోర్టు నోటీసులు, సంఘం రోజుల కరపత్రాలు, జైలు నుంచి వచ్చిన ఉత్తరాలు. ఇల్లు సున్నం వేసేటప్పుడు చెదలు పట్టినయని పొయ్యిల వేస్తున్నరు. వేయకండి. ఎండల పెట్టి, దులిపి, ఒక వేపాకు రెమ్మ వేసి, మీద ఎవరివి, ఏ సంవత్సరం అని రాసి పెట్టండి. మీకు గిట్టని పాలోని పేరు ఉన్న కాయితం ఉన్నా సరే, చింపకండి. తప్పు ఎవరిదో తేల్చేటోళ్ళు తర్వాత వస్తరు. వాళ్ళు వచ్చేసరికి కాయితం ఉండాలె.