పలుకే పంజరమైన పక్షి

రాయ్‌పూర్ వీధుల్లో గోరింకలకు కొదవ లేదు. కానీ అవి రాష్ట్ర పక్షులు కావు. 2000 నవంబర్ 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ ఆ హోదా ఇచ్చింది వాటి దాయాది కొండ గోరింకకు. దాన్ని అడవిలో చూడాలంటే రాజధాని నుంచి దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి, జగదల్‌పూర్ దాటి, కాంగేర్ లోయ జాతీయ పార్కుకు చేరుకోవాలి.

నిగనిగలాడే నల్లటి ఒళ్లు, నారింజ రంగు ముక్కు, తల వెనక పసుపు పచ్చని చర్మపు తమ్మెలు. అయితే దాని కొంప ముంచింది అందం కాదు, గొంతు. మనిషి మాటను చిలుకలకు దీటుగా, అంతకన్నా స్పష్టంగా పలుకుతుంది. ఇంకేం, పంజరాల వ్యాపారులు దాని వెంట పడ్డారు.

విచిత్రమేమిటంటే, అడవిలో అది ఎవరినీ అనుకరించదు, ఇరుగుపొరుగు గోరింకలను తప్ప. బ్రయాన్ బెర్‌ట్రామ్ అస్సాంలో చేసిన అధ్యయనం (1970) ఈ సంగతి బయటపెట్టింది. ఒక్కో పక్షికి దాదాపు డజను లోపు కూతలు. 15 కిలోమీటర్లు దాటితే ఆ రెండు గుంపుల మధ్య ఒక్క కూతా కలవదు. మన యాసలే నయం! పంజరంలో పొరుగు పక్షి ఉండదు కనుక, అది ఇంటాయన మాటనే నేర్చుకుంటుంది.

బస్తర్ గోరింకలు మరీ ఒంటరివి. బస్తర్, ఒడిశా, ఉత్తరాంధ్ర కొండలకే పరిమితమైన ఈ ఉపజాతికీ, హిమాలయ పాదాల్లోని బంధువులకూ మధ్య వందల కిలోమీటర్ల మైదానం. ఒకరకంగా చుట్టూ నీళ్లు లేని దీవి. నిజమైన దీవిలో ఏం జరిగిందో ఇండొనేసియా చెబుతుంది. సుమత్రా పక్కనున్న నియాస్ దీవి కొండ గోరింకను పంజరాల కోసం పట్టీ పట్టీ అడవిలో దాదాపు లేకుండా చేశారు.

మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం నేరం. చట్టం సరే, గూటి మాటేమిటి? ఇది గూడు అల్లుకోదు. పెద్ద చెట్ల తొర్రల్లో రెండు మూడు గుడ్లు పెడుతుంది. పాత చెట్టు కూలితే ఇల్లు పోయినట్టే. జగదల్‌పూర్‌లో 1990ల నుంచి పెద్ద పంజరం కట్టి సంతానోత్పత్తికి ప్రయత్నించినా ఆశించిన ఫలితం రాలేదు. ఆడ ఏదో, మగ ఏదో చూసి చెప్పలేకపోవడం మొదటి చిక్కు. పిల్లలు పుట్టినా వాటికి లోయ పలుకు నేర్పే పొరుగు ఎక్కడిది?

అందుకే అటవీ శాఖ కాంగేర్‌లో చూపు మార్చింది. ఉండేలు పట్టే ఊళ్ల నుంచే యువకులను ఎంచుకుని ‘మైనా మిత్ర’లను చేసింది. తొర్రలున్న చెట్లు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు. ఏ చెట్టు మీద ఏ కూత వినిపిస్తుందో కూడా.