మచ్చికకు పట్టే కాలం

మనిషి చేతి స్పర్శ ఎరుగకుండా వీధుల్లో, పెరళ్లలో పెరిగిన పిల్లిని మచ్చిక లేని పిల్లి అంటారు. ఇది వన్యజాతి కాదు. దాదాపు 10,000 ఏళ్ల క్రితం పశ్చిమాసియాలో ధాన్యపు కొట్లలోని ఎలుకల కోసం మనుషుల చెంతకు చేరిన అడవిపిల్లుల సంతతే. కూన మనిషిని నమ్మడం నేర్చుకునే వయసు, అంటే మచ్చిక దశ, ప్రధానంగా 2 నుంచి 7 వారాల మధ్య ఉంటుంది కనుక, అది దాటిన పిల్లిని చేరదీసేవారికి నెలల తరబడి ఓర్పు కావాలి.

తొలి రోజుల్లో దానికి ఒక చిన్న గది, దాక్కోవడానికి అట్టపెట్టె, ఇసుక తొట్టి, వేళ తప్పని తిండి చాలు. మంచం కింది చీకట్లో చెవులు వెనక్కి వాల్చి బుసకొట్టే ఆ ప్రాణిలో ఉన్నది పగ కాదు, భయం. ఎదుటి మనిషి కళ్లు మెల్లగా అరమోడ్చి తెరిస్తే పెంపుడు పిల్లులు అతని చెంతకు వచ్చే అవకాశం పెరుగుతుందని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రకటించారు. మచ్చిక ఎంత ఆలస్యమైనా రేబిస్ టీకా, సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్స మాత్రం వాయిదా వేయరాదు.

కొన్ని పిల్లులు ఎన్నటికీ ఒడిలోకి రావు. గిన్నె ఖాళీ చేసి, గడప దగ్గరే వీపు తిప్పి నిశ్చింతగా కూర్చుంటాయి. ఆ వీపు తిప్పడమే వాటి నమ్మకమని గుర్తించే మనసుకు ఈ రచన అంకితం.