విద్యార్థి వైద్యుల గొంతుకు వేదిక ఏది?

కోల్‌కతాలోని ఆర్.జి.కర్ వైద్య కళాశాల ఆసుపత్రిలో 2024 ఆగస్టు 9న విధి నిర్వహణలో ఉన్న యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైన ఘటన యావద్దేశాన్ని కలచివేసింది. అదే ఏడాది అక్టోబరులో ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్న పశ్చిమ బెంగాల్ జూనియర్ వైద్యులు ప్రభుత్వం ముందు పది డిమాండ్లు ఉంచారు. బాధితురాలికి న్యాయం, ఆసుపత్రులలో భద్రత, ఖాళీల భర్తీ వంటివి పతాక శీర్షికలకెక్కాయి. వైద్య కళాశాలల్లో విద్యార్థి మండళ్లకు ఎన్నికలు జరపాలన్న డిమాండును మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ప్రాణాలొడ్డి దీక్షకు కూర్చున్నవారు విద్యార్థి సంఘం ఎన్నికలను కోరవలసిన అవసరమేమిటని ఆశ్చర్యపడినవారూ లేకపోలేదు. అయితే తక్కిన కోర్కెలన్నింటికీ మూలం ఆ ఒక్క కోర్కెలోనే ఉన్నదని చెప్పక తప్పదు. చెప్పుకొనేందుకు చోటు లేనప్పుడే మనిషి వీధిలోకి వస్తాడు.

ఈ విషయంలో అమెరికాలోని ఆస్టియోపతి వైద్య కళాశాలల అనుభవం పరిశీలించదగినది. ఆస్టియోపతి అనగానే ఎముకలు సరిచేసే నాటు వైద్యమని మనవారిలో పలువురు భావిస్తారు. ఈ అపోహకు కారణం లేకపోలేదు. బ్రిటన్‌లో ఆస్టియోపతి అభ్యసించినవారు చేతులతో కండరాలకు, కీళ్లకు చికిత్స చేసే నిపుణులు మాత్రమే; అక్కడ వారిని 1993 నాటి ప్రత్యేక చట్టం నియంత్రిస్తున్నది. అమెరికాలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ డి.ఓ. పట్టా పొందినవారు ఎం.డి. పట్టా పొందినవారితో సమానంగా మందులు రాయవచ్చు, శస్త్రచికిత్సలు చేయవచ్చు, ఏ ప్రత్యేక విభాగంలోనైనా శిక్షణ పొందవచ్చు. నేడు అమెరికా వైద్య విద్యార్థులలో నాలుగింట ఒక వంతుకు పైగా ఈ కళాశాలల్లోనే చదువుతున్నారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా వారిలో ఉన్నారు. 'మా అబ్బాయి నిజంగా డాక్టరే అవుతాడా?' అని ఇక్కడి తాతయ్యలు సందేహపడటం ఆ కుటుంబాలకు కొత్త కాదు.

ఈ సందేహానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉన్నది. తన ముగ్గురు పిల్లలను 1864లో మెదడువాపు జ్వరానికి కోల్పోయిన ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు నాటి మందులపై విశ్వాసం పోగొట్టుకొని, దేహ నిర్మాణంపై ఆధారపడిన కొత్త చికిత్సా పద్ధతికి రూపకల్పన చేశారు. మిస్సోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్ అనే చిన్న పట్టణంలో 1892లో తొలి కళాశాలను స్థాపించి, మొదటి తరగతిలోనే మహిళలకూ ప్రవేశం కల్పించారు. అనంతర కాలంలో ఆస్టియోపతి కళాశాలలు ఆధునిక వైద్యశాస్త్రాన్ని పూర్తిగా స్వీకరించినప్పటికీ, ప్రధాన వైద్య సంఘం వారిని చాలాకాలం తక్కువ చూపే చూసింది. కాలిఫోర్నియాలో 1961లో రెండు సంఘాలు విలీనమైనప్పుడు సుమారు రెండు వేల మంది డి.ఓ.లు 65 డాలర్లు చెల్లించి ఎం.డి. పట్టాలు పుచ్చుకొన్నారు. లాస్ ఏంజిలిస్‌లోని వారి కళాశాల ఎం.డి. కళాశాలగా మారిపోయింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రంలో కొత్త డి.ఓ.లకు లైసెన్సులు నిలిచిపోయాయి. ఆ హక్కు తిరిగి దక్కడానికి 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వెలువడవలసి వచ్చింది. సైన్యంలో వైద్యాధికారులుగా చేరేందుకు సైతం వారు 1966 వరకు నిరీక్షించారు.

ఒక వృత్తి మనుగడే ప్రశ్నార్థకమైన ఆ నేపథ్యంలో విద్యార్థుల వృత్తి సంఘాలు ఎదిగాయి. ప్రతిభకు, సేవకు గుర్తింపుగా సభ్యత్వమిచ్చే సిగ్మా సిగ్మా ఫై 1925లో ఏర్పడింది. విద్యార్థులందరి ప్రతినిధిగా స్టూడెంట్ ఆస్టియోపతిక్ మెడికల్ అసోసియేషన్ 1970లో అవతరించింది. హస్తచికిత్సలో మెలకువలను సీనియర్లు జూనియర్లకు నేర్పే సంఘం ఒకటి, కుటుంబ వైద్యం, శస్త్రచికిత్స వంటి ప్రత్యేక విభాగాలపై ఆసక్తి గలవారి సంఘాలు మరికొన్ని కళాశాలల్లో పనిచేస్తున్నాయి. కళాశాలల విద్యార్థి సంఘాల అధ్యక్షులకు జాతీయ స్థాయిలో ప్రత్యేక మండలి ఉన్నది. అన్నింటికంటె ముఖ్యమైన అంశం మరొకటి. ఆస్టియోపతి వైద్యుల జాతీయ సంఘపు ప్రతినిధుల సభలో విద్యార్థులకూ స్థానం ఉన్నది. అంటే రేపటి వైద్యుడు నేటి నుంచే తన వృత్తి విధానాలపై చర్చలో పాల్గొంటున్నాడన్న మాట.

ఈ సంఘాల వల్ల ఒనగూడిన ప్రయోజనమేమిటన్న ప్రశ్న సహజం. ఆస్టియోపతి విద్యార్థులు తమ లైసెన్సు పరీక్షతో పాటు, రెసిడెన్సీ సీటు దక్కదేమోనన్న భయంతో ఎం.డి. విద్యార్థుల పరీక్షనూ రాయవలసి వస్తున్నది. రెండు ఫీజులు, రెండు దఫాల శ్రమ. ఎం.డి., డి.ఓ. శిక్షణ కార్యక్రమాలకు ఒకే గుర్తింపు వ్యవస్థ ఉండాలని 2014లో కుదిరిన ఒప్పందం 2020 నాటికి పూర్తిగా అమలులోకి వచ్చినా ఈ వివక్ష తొలగిపోలేదు. ప్రభుత్వ నిధులు పొందే శిక్షణ కేంద్రాలు డి.ఓ. విద్యార్థుల దరఖాస్తులను, వారి పరీక్ష ఫలితాలను కూడా స్వీకరించాలని కోరుతూ 2023లో అమెరికా కాంగ్రెసులో ఒక బిల్లు ప్రవేశించింది. అది చట్టరూపం దాల్చలేదు. అయినా ఒక విద్యార్థి సమస్య చట్టసభ గడప దాకా వెళ్లడం వెనుక సంఘటిత కృషి ఉన్నదన్నది నిర్వివాదాంశం. రోగుల పాత్ర ధరించిన నటులను పరీక్షించి చూపే మరో పరీక్ష దేశం మొత్తం మీద రెండే కేంద్రాల్లో జరిగేది. దానికి వెయ్యి డాలర్లకు పైగా ఫీజు చెల్లించి, విమానమెక్కి వెళ్లడంపై విద్యార్థులు ఏళ్ల తరబడి అభ్యంతరం తెలిపారు. కోవిడ్ కారణంగా 2020లో ఆగిన ఆ పరీక్ష తిరిగి ప్రారంభం కానేలేదు, చివరకు రద్దయింది.

రెసిడెంట్ల పనిగంటల ఉదంతం ఇంకా ఆసక్తికరమైనది. అమెరికా వైద్య విద్యార్థుల సంఘం 1950లో పెద్దల వైద్య సంఘానికి అనుబంధంగా పుట్టి, 1967లో స్వతంత్రమైంది. డి.ఓ. విద్యార్థులకూ అందులో సభ్యత్వం ఉన్నది. నిద్రలేని వైద్యుని చేతిలో రోగికి రక్షణ లేదంటూ ఆ సంఘం 2001లో మరి రెండు సంస్థలతో కలిసి కార్మిక భద్రతా విభాగానికి వినతిపత్రం సమర్పించింది. ప్రభుత్వం దానిని తిరస్కరించింది. అయితే చర్చ ఆగలేదు. శిక్షణ కేంద్రాలకు గుర్తింపునిచ్చే సంస్థ 2003లో వారానికి 80 గంటల పరిమితిని దేశవ్యాప్తంగా విధించింది. ఆ ఘనత విద్యార్థులదొక్కరిదే కాకపోవచ్చు. కాని కాగితం మీద రాసి, సంతకం చేసి, బాధ్యతతో వాదించిన వారిలో విద్యార్థులు ఉన్నారు. ఔషధ కంపెనీల కానుకల విషయంలోనూ అదే సంఘం ఏ కళాశాల విధానం ఎట్లా ఉన్నదో 2007 నుంచి మార్కులు వేసి ప్రకటించింది. గురువులకు శిష్యులు మార్కులు వేయడం మన ఊహకు అందని విషయమే.

అమెరికా సంఘాలన్నీ ఆదర్శప్రాయమని భావించనవసరం లేదు. రెసిడెన్సీ దరఖాస్తులో ఒక పంక్తి చేరుతుందన్న ఆశతోనే సంఘాల పదవులు చేపట్టేవారు అక్కడా తక్కువేమీ కాదు. పేరుకు పదవులు, పనికి శూన్యం అన్న విమర్శ ఉన్నది. సభ్యత్వ రుసుములు, సదస్సుల ప్రయాణ ఖర్చులు భరించలేని పేద విద్యార్థులు వెనుకబడిపోయే ప్రమాదమూ ఉన్నది. వైద్య విద్య పూర్తయ్యేసరికి రెండు లక్షల డాలర్లకు మించిన అప్పు సర్వసాధారణమైన దేశంలో ఇది చిన్న విషయం కాదు. అయినప్పటికీ ఆ సంఘాలు ఒక మౌలిక సూత్రాన్ని నిలబెట్టాయి. విద్యార్థి వైద్యుడు కేవలం పరీక్షలు రాసే యంత్రం కాదు, వృత్తిలో భాగస్వామి అన్నదే ఆ సూత్రం.

ఇక మన దేశం వైపు చూస్తే దృశ్యం నిరాశాజనకం. 2014లో సుమారు 51 వేలున్న ఎం.బి.బి.ఎస్. సీట్లు 2024 నాటికి లక్షా పది వేలు దాటాయి. సీట్లు రెట్టింపైన వేగంతో విద్యార్థుల బాగోగులు చూసే ఏర్పాట్లు పెరగలేదు. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం జరిపిన సర్వేలో 27.8 శాతం ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు మానసిక ఆరోగ్య సమస్యలున్నట్లు తెలిపారని 2024లో వెల్లడైంది. భారత వైద్య మండలి స్థానే 2020 సెప్టెంబరులో ఏర్పడిన ఈ కమిషన్‌లో 33 మంది సభ్యులు ఉంటారు. వారిలో విద్యార్థుల ప్రతినిధిగా గాని, రెసిడెంట్ల ప్రతినిధిగా గాని ఒక్కరికీ చోటు లేదు. కోల్‌కతా దుర్ఘటన తర్వాత సుప్రీంకోర్టు నియమించిన జాతీయ కార్యదళంలో సభ్యులైనవారు పెద్ద వైద్యులు, ఉన్నతాధికారులు. రెసిడెంట్ల అభిప్రాయాలు కూడా వింటారని న్యాయస్థానం హామీ ఇచ్చింది. వినడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు.

పనిగంటల విషయమే తీసుకొందాం. రెసిడెంట్ల విధులు ఏకబిగిన 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే ఆదేశించింది. అమెరికా 2003లో విధించిన పరిమితి కంటె ఇది ఎంతో ఉదారమైనది, ఎంతో ముందుది. అయితే ఏం లాభం? ఆదేశం వెలువడి మూడు దశాబ్దాలు దాటినా 36 గంటల ఏకబిగి డ్యూటీలు మన బోధనాసుపత్రులలో వింతగా తోచవు. అక్కడ అధ్వాన్నమైన నియమం కూడా కొంతమేరకు అమలవుతుండగా, ఇక్కడ ఉత్తమమైన నియమం అటకెక్కడానికి కారణమేమిటి? నియమం అమలవుతున్నదో లేదో చూసి, ఉల్లంఘన జరిగితే భయపడకుండా ఫిర్యాదు చేయగల గుర్తింపు పొందిన సంఘం లేకపోవడమే ప్రధాన కారణం. మార్కులు వేసే ఆచార్యునిపై ఒంటరి విద్యార్థి ఫిర్యాదు చేయగలడని ఆశించడం అత్యాశ.

మన వైద్య విద్యార్థులకు సంఘాలు అసలే లేవని కాదు. భారత వైద్య సంఘానికి విద్యార్థి విభాగం ఉన్నది. తెలుగు రాష్ట్రాల పాఠకులకు 'జూడా' పేరు చిరపరిచితం. అయితే జూడా పేరు పత్రికలలో కనిపించేది సమ్మె నాడే. తెలంగాణలో 2024 జూన్‌లో స్టైపెండు సక్రమంగా చెల్లించాలని, ఉస్మానియా ఆసుపత్రికి కొత్త భవనం నిర్మించాలని జూనియర్ వైద్యులు విధులు బహిష్కరించారు. నెల నెలా అందవలసిన స్టైపెండు కోసం రోగుల పడకలను వదిలి గేటు ముందు బైఠాయించవలసి రావడం వారికీ గౌరవం కాదు, ప్రభుత్వానికీ గౌరవం కాదు. ఢిల్లీలో 2019లో వైద్య కమిషన్ బిల్లుపైన, 2021 చివర పి.జి. కౌన్సెలింగ్ జాప్యంపైన జరిగిన సమ్మెల కథ కూడా ఇదే. ప్రతిసారీ నష్టపోయింది ఔట్‌పేషెంటు విభాగం ముందు తెల్లవారుజాము నుంచి చీటీ పట్టుకొని నిలబడిన నిరుపేద. సమ్మె చేసినవారిని నిందించడం తేలిక. సమ్మె తప్ప మరో మార్గం మిగల్చని వ్యవస్థను ప్రశ్నించడం అవసరం.

విద్యార్థి సంఘాలంటే రాజకీయ పార్టీల అనుబంధాలు, ఘర్షణలు, చదువులకు అంతరాయం అన్న భయం పాలకులలో ఉన్నది. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. అయితే వృత్తి సంఘం వేరు, పార్టీ జెండా మోసే సంఘం వేరు. ఆస్టియోపతి విద్యార్థుల సంఘాలు నేర్పే పాఠం సరిగ్గా ఇదే. పాఠ్యప్రణాళిక, పరీక్షలు, పనిగంటలు, భద్రత, రోగుల హక్కులు వాటి చర్చాంశాలు. అటువంటి సంఘాలను ఎదగనీయకపోతే ఆ ఖాళీని బెదిరింపుల ముఠాలు ఆక్రమిస్తాయని కోల్‌కతా జూనియర్ వైద్యుల ఆరోపణలే హెచ్చరిస్తున్నాయి.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. ప్రతి వైద్య కళాశాలలో ఏటా రహస్య బ్యాలెట్ ద్వారా విద్యార్థి మండలిని ఎన్నుకొనే విధానం రావాలి. కళాశాల గుర్తింపు పునరుద్ధరణకు దానిని షరతుగా చేర్చాలి. రాష్ట్ర వైద్య మండళ్లలోను, జాతీయ కమిషన్‌లోను విద్యార్థులకు, రెసిడెంట్లకు కనీసం ఒక్కొక్క స్థానం కేటాయించాలి. పనిగంటల పట్టికపై మండలి ప్రతినిధి సంతకం ఉండాలి. వీటికి కోట్ల రూపాయల వ్యయం అక్కరలేదు, పాలకులకు, ఆచార్యులకు కొంత వినయం ఉంటే చాలు.

రోగి చెప్పేది ఓపికగా వినడమే వైద్యానికి తొలి మెట్టు అని ప్రతి కళాశాలలో బోధిస్తారు. తన మాట ఎవరూ వినని చోట అయిదేళ్లు చదివిన యువకుడు ఆ పాఠాన్ని ఏ మేరకు ఒంటబట్టించుకొంటాడో విధాన నిర్ణేతలు ఆలోచించుకోవాలి. మరో దుర్ఘటన, మరో దీక్ష, మరో సమ్మె కోసం ఎదురుచూడటం విజ్ఞత అనిపించుకోదు.